విన్నవి పదకొండు

ఆ ఉదయం స్క్రిప్టు మళ్ళీ మధ్యలో ఆగిపోయింది. గీతమ్మ కుర్చీ వెనక్కి తోసి, తెర మీది ఎర్ర అక్షరాల వంక చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది. ఏదో పరీక్షా కేంద్రం వాళ్ళు మార్కుల గడిలో అంకె వేయకుండా ‘రాలేదు’ అని రాశారు. అంతకు ముందు ఆగినచోట ఒక అడ్డగీత ఉంది. దానికీ ముందు ఇంకెవరో సున్నా కొట్టాల్సినచోట ఇంగ్లీషు ‘ఓ’ కొట్టారు. చూడ్డానికి రెండూ గుండ్రంగానే ఉంటాయి. మనిషైతే అర్థం చేసుకుని ముందుకు పోతాడు. యంత్రం మాత్రం మొండికేసిన గేదెలా అక్కడే నిలబడిపోతుంది.

ఆమె పేరు నిజానికి గీత కాదు. పరీక్షల బోర్డులో పొద్దస్తమానం కంప్యూటర్లో గీతలు గీసే ఉద్యోగం కాబట్టి ఎవరో సరదాకి గీతమ్మ అన్నారు, అదే స్థిరపడిపోయింది. కొత్తగా చేరిన సెక్యూరిటీ మనిషి అదే అసలు పేరనుకుని రిజిస్టర్లో కూడా అలాగే రాసేశాడు. ఆమె దిద్దించలేదు. దిద్దాల్సినవి అంతకన్నా చాలా ఉన్నాయి.

కేంద్రాల నుంచి వచ్చిన ఫైళ్ళే అందుకు సాక్ష్యం. ఒకదాని పేరు ‘ఫైనల్’, ఇంకోదాని పేరు ‘అసలు ఫైనల్’, అదే కేంద్రం నుంచి మర్నాడు వచ్చినదాని పేరు ‘ఇదే వాడండి’. మూడింట్లోనూ మార్కులు వేరు. ఏది వాడాలో అడుగుదామని ఫోన్ చేస్తే, ఆ పని చూసే గుమాస్తా సెలవులో ఉన్నాడనీ, ‘ఇదే వాడండి’ మాత్రం వాడొద్దనీ చెప్పారు.

భాష పరీక్షకు రెండు భాగాలు. రాసే పరీక్షకు డెబ్బై ఐదు మార్కులు, వినే పరీక్షకు ఇరవై ఐదు. వినే పరీక్షలో గదిలో స్పీకరు పెట్టి ఒక సంభాషణ వినిపిస్తారు, పిల్లలు విన్నదాన్ని బట్టి కాగితం మీది ప్రశ్నలకి జవాబులు రాయాలి. మామూలుగా ఒకటి బాగా చేసినవాళ్ళు రెండోదీ బాగానే చేస్తారు. గీతమ్మ స్క్రిప్టు ఒక్కో విద్యార్థిని ఒక్కో చుక్కగా పెడుతుంది. వినే మార్కు ఎంతో అంత కుడికి, రాసే మార్కు ఎంతో అంత పైకి. లక్షల చుక్కలు కలిసి తెర మీద పొగమంచులా పరుచుకుంటాయి. ఆ మంచు మధ్యలోంచి స్క్రిప్టు ఒక వంపు గీత లాగుతుంది. ఎక్కువ చుక్కలకు వీలైనంత దగ్గరగా పోయే గీత అది. ఇక ఏ చుక్కయినా ఆ గీతకు మరీ దూరంగా పడితే ఎర్రగా మారుతుంది. ఎర్రచుక్క అంటే అనుమానం. అనుమానం అంటే ఆ విద్యార్థి ఫలితం ఆగిపోతుంది.

ఫలితాలు వారంలో ఇస్తామని కంట్రోలర్ గారు పత్రికలవాళ్ళకి మాట ఇచ్చేశారు. ఆ మాట ఇచ్చే ముందు గీతమ్మను అడగలేదు. ఇచ్చాక మాత్రం గంటకోసారి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడుతున్నారు. పరీక్షలన్నింటికీ పైఅధికారి ఆయన. కంప్యూటర్ అంటే గౌరవం, దాని ముందు కూర్చున్న మనిషంటే అనుమానం. ఎంతవరకొచ్చిందని అడిగారు. ఫైళ్ళు శుభ్రం చెయ్యడానికే ఇంకో రెండు రోజులు పడుతుందని ఆమె చెప్పింది. మధ్యాహ్నానికి జాబితా కావాలని ఆయన అన్నారు. ఆయన మాటకి ఎదురుచెప్పి లాభం లేదని గీతమ్మకి తెలుసు. ఆయన వెనక నిలబడి ఉండగానే స్క్రిప్టులో ఒక లైను చేర్చింది. మార్కుల గడిలో అంకె కానిది ఏది కనిపించినా సున్నా అనుకో.

ఈసారి స్క్రిప్టు గుక్క తిప్పుకోకుండా చివరిదాకా పరిగెత్తింది. తెర మీద మంచు పరుచుకుంది, గీత పడింది. అక్కడక్కడా ఒకటీ అరా ఎర్రచుక్కలు. ఎడమవైపు అంచున మాత్రం, చాలా ఎత్తులో, ఎర్రచుక్కలు గుంపుగా గోడ పట్టుకుని పాకుతున్న చీమల్లా కనిపించాయి. వినే పరీక్షలో సున్నా, రాసే పరీక్షలో మంచి మార్కులు. ఆమె ఆ గుంపు మీద మౌసు పెట్టి చూసింది. అందరిదీ ఒకటే కేంద్రం.

“దొరికారు,” అన్నారు కంట్రోలర్ గారు. ఆయన ముఖంలో అంత సంతోషం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఒక్కసారి ఆ కేంద్రం ఫైలు తెరిచి చూస్తానని గీతమ్మ అంది. చూడటానికేముంది అన్నారాయన. వినే పరీక్షలో ఒక్క ముక్క అర్థం కానివాళ్ళు రాసే పరీక్షలో అన్నేసి మార్కులు తెచ్చుకున్నారంటే బోర్డు మీద జవాబులు రాసిపెట్టి ఉంటారు. మనుషులు చూస్తే మొహమాటాలు, సిఫార్సులు. “మిషనుకి మామా అల్లుడూ ఉండరమ్మా. అది చెప్పిందంటే చెప్పినట్టే,” అన్నారు. జాబితా ప్రింటు తీయించుకుని ఆయనే స్వయంగా పట్టుకుపోయారు.

సాయంత్రం గీతమ్మ ఇంటికి వెళ్ళేసరికి మెట్ల దగ్గరే టీవీ వినపడింది. వాళ్ళది మూడో అంతస్తు. వార్తలు చదివే అమ్మాయి గొంతు రెండో అంతస్తు వాళ్ళింట్లోంచి వస్తోందా అన్నంత గట్టిగా ఉంది. తలుపు తీసి లోపలికి వెళ్తే అత్తగారు సోఫాలో దర్జాగా కూర్చుని, వార్తలతో పనిలేనట్టు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పాలు వచ్చాయా అని గీతమ్మ అడిగింది. పాపం నిజమేనమ్మా, వాళ్ళావిడ కూడా ఊళ్ళో లేదు అన్నారు అత్తగారు.

గీతమ్మ రిమోట్ తీసుకుని సౌండు తగ్గించి, గొంతు పెంచి మళ్ళీ అడిగింది. అరవడం ఎందుకు, నాకు శుభ్రంగా వినపడుతుంది అని ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. మందుల షాపు నడిపే గీతమ్మ భర్త ఆర్నెల్ల కిందట వినికిడి మిషను తెచ్చి తల్లికి ఇచ్చాడు. అది పెట్టెలోంచి బయటికి రాలేదు. భోజనాల దగ్గర గీతమ్మ ఆ సంగతి ఎత్తితే, అమ్మ విన్నానంటే విన్నట్టే, వదిలెయ్ అన్నాడు. వదిలెయ్యడం ఆయనకి తేలిక, పగలంతా షాపులో ఉంటాడు. వినపడనివాళ్ళ సంగతి తనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదని గీతమ్మ అభిప్రాయం. వాళ్ళు వినరు, ఊహిస్తారు. ఊహ తగిలితే విన్నామంటారు. తగలకపోతే మనం సరిగ్గా చెప్పలేదంటారు.

మర్నాడు ఆఫీసు మెట్ల దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, చేతిలో మడిచిన పేపరు. లోపలికి వదలడానికి వీల్లేదని సెక్యూరిటీ మనిషి, వదిలేదాకా కదలనని ఆవిడ. గీతమ్మ పక్కనుంచి తప్పుకుని వెళ్ళబోతుంటే సెక్యూరిటీ మనిషి తన గొడవ వదుల్చుకోవడానికి, గీతలు గీసే మేడం ఈవిడే, అడగండి అనేశాడు.

ఆవిడ పేపరు విప్పి చూపించింది. ఒక కేంద్రంలో మూకుమ్మడి కాపీ, పట్టేసిన కంప్యూటర్ అని పెద్దక్షరాల్లో ఉంది. ఆ కేంద్రం తమ బడేననీ, తను హెడ్మిస్ట్రెస్‌ననీ చెప్పింది. రాత్రి టీవీలో చెప్పినప్పట్నుంచీ తల్లిదండ్రులు ఫోన్లు చేస్తూనే ఉన్నారట. బడి గేటు మీద ఎవరో దొంగల బడి అని బొగ్గుతో రాసిపోయారట. ఈ మాటలన్నీ ఆవిడ చాలా నెమ్మదిగా, ఒక్కో పలుకూ పెదవులతో పూర్తిగా పలుకుతూ చెప్పింది. గీతమ్మకి ఆ పద్ధతి వింతగా అనిపించింది. బోర్డు నియమాలు, అప్పీలు పెట్టుకునే విధానం చెప్పబోయింది.

“మా పిల్లలకి వినపడదమ్మా,” అంది హెడ్మిస్ట్రెస్. “మాది బధిరుల బడి. వాళ్ళకి వినే పరీక్ష అక్కర్లేదని మీ బోర్డువాళ్ళే మినహాయించారు కదా.”

గీతమ్మ ఆవిడని కింద వరండాలో బెంచీ మీద కూర్చోమని చెప్పి పైకి పరిగెత్తింది. కేంద్రం పంపిన అసలు ఫైలు తెరిచింది. వినే మార్కు గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే అక్షరం, ‘మి’. మినహాయింపు. అంకె కానిది ఏదైనా సున్నా. నిన్న ఆయన వెనక నిలబడి ఉండగా తను కొట్టిన ఒక్క లైను. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద మండిందో, ఎవరికి తోచింది వాళ్ళు కొట్టి పంపే గుమాస్తాల మీద మండిందో, తన మీద మండిందో విడదీసి చూసుకునే ఓపిక లేదు. ఫైలు తెరిచి చూడటానికి ఎంతసేపు పట్టేది? అదే మాటిమాటికీ అనుకుంటూ కంట్రోలర్ గారి గదికి వెళ్ళింది.

ఆయన అంతా విన్నారు. విని, పేపర్లో వచ్చేసిందే అన్నారు. అందుకే తొందరగా సవరణ ఇవ్వాలని గీతమ్మ అంది. సవరణ ఇస్తే బోర్డు పరువేం కావాలని ఆయన అడిగారు. దొంగలని పేరు పడ్డ పిల్లల పరువో అని ఆమె అడగాలనుకుంది కాని అడగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని కొత్త దారి వెతికారు.

“వినపడనివాళ్ళు కాపీ కొట్టరని రూలేమన్నా ఉందా?”

గీతమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొట్టారో లేదో స్క్రిప్టు చెప్పలేదనీ, లేని పరీక్షకి సున్నా వేసింది మనమేననీ, తప్పు తన లైనులో ఉందనీ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. తప్పు ఆమెది అన్న మాట దగ్గర ఆయన కొంచెం తేలికపడ్డారు. సరే, సాంకేతిక లోపం అని ఇద్దాం అన్నారు. కాని గ్రాఫు శుభ్రంగా ఉండాలి. ఆ కేంద్రంలో ఒక్క ఎర్రచుక్క కూడా మిగలకూడదు, మిగిలితే పత్రికలవాళ్ళు మళ్ళీ పీకుతారు.

ఆమె వచ్చి లైను మార్చింది. ‘మి’ ఉన్నవాళ్ళని వినే పరీక్ష లెక్కలోంచి తీసేసి, రాసే పరీక్ష మార్కునే నూటికి పెంచి లెక్కకట్టమని రాసింది. బోర్డు నియమం అదే. స్క్రిప్టు నడిచింది. గోడ మీది చీమలు ఒక్క దెబ్బతో మాయమయ్యాయి.

ఒకటి తప్ప.

గీతమ్మ ఆ చుక్క మీద మౌసు పెట్టింది. అదే బడి. రాసే పరీక్షలో అరవై ఆరు, వినే పరీక్షలో పదకొండు. పైవాళ్ళకీ కిందవాళ్ళకీ ‘మి’ ఉంది, మధ్యలో ఈ అంకె. రాసే పరీక్షలో అరవై ఆరు వచ్చినవాళ్ళకి గీత ప్రకారం వినే పరీక్షలో ఇరవై పైనే రావాలి. ఈ పదకొండు అటూ కాదు ఇటూ కాదు. వినపడనివాళ్ళ బడిలో వినే మార్కు ఎక్కడిది? పక్క పేజీలోంచి ఎవరి అంకో దొర్లి వచ్చి ఉంటుంది. నాలుగు రోజులుగా ఇలాంటివి ఎన్ని చూడలేదు.

హెడ్మిస్ట్రెస్ కింద బెంచీ మీదే ఉంది. దిగి వెళ్ళి ఒక్క మాట అడిగితే తేలిపోయేది. గీతమ్మ లేవబోయింది కూడా. అంతలో బల్ల మీది ఫోన్ మోగింది. అయిందా అని కంట్రోలర్ గారు. అవుతోందండీ అంది. ఫోన్ భుజానికి నొక్కిపట్టుకునే, ఆ గడిలో పదకొండు చెరిపి ‘మి’ అని కొట్టింది. మళ్ళీ నడిపింది. గ్రాఫు శుభ్రంగా వచ్చింది.

సవరణ పేపర్లో లోపలి పేజీలో, కనిపించీ కనిపించనట్టు వచ్చింది. అయినా హెడ్మిస్ట్రెస్ వచ్చి గీతమ్మ రెండు చేతులూ పట్టుకుంది, మీరు పూనుకోకపోతే మా గతేమయ్యేదో అంది. గీతమ్మ మొహమాటపడింది. లోపల మాత్రం చాలా రోజుల తర్వాత కాస్త సుఖంగా అనిపించింది. అన్న రోజుకే ఫలితాలు వచ్చాయి. కంట్రోలర్ గారు టీవీలో మాట్లాడారు. అత్తగారు ఆయన్ని చూసి, మీ ఆఫీసాయన పెళ్ళి గురించి ఏదో చెప్తున్నాడే అన్నారు.

ఫలితాలు వచ్చిన మర్నాడు హెడ్మిస్ట్రెస్ మళ్ళీ వచ్చింది. ఈసారి సెక్యూరిటీ మనిషి ఆపలేదు. ఆవిడ వెనక ఒక అమ్మాయి ఉంది. సన్నగా, పొడుగ్గా, పదహారేళ్ళుంటాయి. జుట్టంతా వెనక్కి లాగి బిగించి కట్టుకుంది. దాంతో కుడి చెవి వెనక ఉన్న మిషను దాచుకోవడానికి వీల్లేకుండా కనపడుతోంది. దాచుకునే ఉద్దేశం కూడా ఉన్నట్టు లేదు.

హెడ్మిస్ట్రెస్ నొచ్చుకుంటూ మొదలుపెట్టింది. ఈ పిల్లకి ఎనభై ఎనిమిది వచ్చింది, డిస్టింక్షన్. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో నేరుగా సీటు ఇస్తారు. ఇంక గమ్మున ఉండొచ్చుగా? ఉండదు. మార్కులు తప్పు పడ్డాయని పొద్దున్నే బడికి వచ్చి కూర్చుంది. “నేను వద్దంటూనే ఉన్నానండీ. చెప్తే వినదు,” అంది.

అమ్మాయి టీచరు పెదవుల వంక చూసి ఆ మాట పట్టుకుని కొంచెం నవ్వింది. తర్వాత గీతమ్మ వైపు తిరిగి మార్కుల కాగితం బల్ల మీద పెట్టి, వినే పరీక్ష ఎదురుగా ‘మినహాయింపు’ అని ఉన్నచోట వేలు పెట్టింది.

“ఇది కాదండీ. నేను రాశాను,” అంది. అక్షరాలు కొంచెం మొద్దుగా, సాగదీసినట్టు పలికాయి, కాని అన్నీ అర్థమయ్యాయి. “నాకు మార్కులు ఉండాలి.”

గీతమ్మకి ఆ పదకొండు గుర్తొచ్చింది. అయినా నాలుక మీదికి పాత అనుభవమే వచ్చింది. అమ్మాయికి వినపడేలా గట్టిగా, ఇంట్లో అత్తగారితో మాట్లాడినట్టు, అక్కడ ఎవరో పొరపాటున వేసిన అంకె ఉంటే తనే తీసేశాననీ, అలా తియ్యడమే నీకు మంచిదనీ చెప్పింది. పక్క గదిలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. అమ్మాయి మొహం చిట్లించి, మిషను మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అరవకండి. అరిస్తే మాట పగిలిపోతుంది.”

హెడ్మిస్ట్రెస్ తగ్గు గొంతుతో అసలు సంగతి చెప్పింది. మినహాయింపు ఉన్నా తను వినే పరీక్షకి కూర్చుంటానని ఈ పిల్ల ఇన్విజిలేటర్‌ని అడిగిందట. ఆయన నీ ఇష్టం అన్నాడట. ఏ రెండో మూడో వస్తాయి, తర్వాత మినహాయింపు పెట్టించుకోవచ్చు అని టీచర్లు కూడా ఊరుకున్నారట. ఎన్ని వచ్చాయో వాళ్ళకీ తెలీదు. గీతమ్మకి ఒక్కదానికే తెలుసు. పదకొండు అని ఆమె మెల్లగా, పెదవులు కదిపి చెప్పింది.

అమ్మాయి ఆ మాట వెంటనే అందుకుంది. “పదకొండా?” అంది. కళ్ళు పెద్దవి చేసుకుని టీచరు వంక చూసింది, మళ్ళీ గీతమ్మ వంక చూసింది. పదకొండు అని తనలో తను ఇంకోసారి అనుకుంది.

గీతమ్మ కాగితం తీసుకుని లెక్క వేసి చూపించింది. ఇప్పుడున్నట్టు ఉంటే ఎనభై ఎనిమిది. పదకొండు పెడితే అరవై ఆరూ పదకొండూ డెబ్బై ఏడు. డిస్టింక్షన్ పోతుంది. ఎనభై దాటితేనే డిస్టింక్షన్, నేరుగా సీటు, లేకపోతే ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చుని మూడు వైపుల నుంచీ మాట్లాడతారని హెడ్మిస్ట్రెస్ కలగజేసుకుంది. పదకొండు మార్కులు కలిపితే పదకొండు తగ్గుతాయి, ఇదేం తిక్క పిల్లండీ అని గీతమ్మతో అంది. అంటూనే అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. అది కోపం కాదని గీతమ్మకి అర్థమైంది.

అమ్మాయి లెక్కని రెండోసారి తనే వేసుకుని చూసింది. తప్పు లేదని తేల్చుకుని పెన్ను కింద పెట్టింది.

“అవి నేను విన్నవండీ,” అంది.

కంట్రోలర్ గారు సంగతి వినగానే తల పట్టుకున్నారు. ఆయన పాతికేళ్ళ సర్వీసులో మార్కులు పెంచమని వచ్చినవాళ్ళనే చూశారు. తగ్గించమని వచ్చినవాళ్ళని ఏ రూలు కింద పంపించాలో ఆయనకి తోచలేదు. పైగా ఆ పదకొండు తిరిగి పెడితే చుక్క ఎర్రబడుతుంది. ఎర్రచుక్క ఉన్న ఫలితం విడుదల చెయ్యకూడదని ఆయనే సర్క్యులర్ ఇచ్చారు. పక్క బల్ల మీదివాళ్ళ పేపరు చూసి ఉంటుందని అన్నారు. పక్క బల్లల మీద వినే పరీక్ష రాసినవాళ్ళెవరూ లేరు కదండీ అని గీతమ్మ గుర్తుచేసింది. అయితే గుడ్డిగా గుర్తులు పెట్టి ఉంటుందన్నారు. గుర్తులు పెట్టేది కాదండీ, జవాబు మాటల్లో రాయాలి అంది. ఆయన విసుగ్గా ఆమె వంక చూసి, పిల్లని పిలవమన్నారు.

అమ్మాయి వచ్చి బల్లకి ఇవతల నిలబడింది. ఆయన కాసేపు ఆ పిల్లని ఎగాదిగా చూశారు. తర్వాత బల్ల మీది ఫైలు తీసుకుని, నోటికి అడ్డంగా పెట్టుకుని, ఫైలు వెనకనుంచి ఏదో అడిగారు. హెడ్మిస్ట్రెస్ కుర్చీలోంచి సగం లేచింది. గీతమ్మకి సిగ్గుతో తల వంచుకోవాలనిపించింది. అంతకన్నా సిగ్గు ఏమిటంటే, జవాబు కోసం తనూ ఎదురుచూస్తోంది.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

ఆయన ఫైలు దించారు. చూశారా అన్నట్టు గీతమ్మ వైపు కళ్ళెగరేశారు.

“పరీక్షలో రెండుసార్లు వినిపించారండీ,” అంది అమ్మాయి.

కంట్రోలర్ గారు ఫైలు వంక చూసుకున్నారు. దాన్ని మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఈసారి అంత హుషారుగా కాదు. అదే ప్రశ్న, అంతే గొంతుతో అడిగారు. అమ్మాయి ఆయన్ని చూడటం మానేసి కుడి చెవి కాస్త ముందుకు పెట్టి, నేల వంక చూస్తూ వింది. భుజాలు బిగుసుకున్నాయి. ఒక చేత్తో రెండో చేతి బొటనవేలు గట్టిగా పట్టుకుంది. మోయలేని బరువు ఎత్తుతున్న మనిషిలా కనపడింది. వినడం అంత కష్టమైన పని అని గీతమ్మకి అప్పటిదాకా తెలీదు.

“నాన్న లారీ నడుపుతారు,” అంది అమ్మాయి. కొంచెం ఆగి, “అదేనా అడిగింది?” అంది.

అదేనమ్మా అన్నారు ఆయన. ఫైలు బల్ల మీద పెట్టి దాని అంచులు సర్దారు. సర్దడానికేమీ లేదు. చేర్చమని గీతమ్మతో అన్నారు, ఆమె ముఖం చూడకుండానే.

చేర్చడం ఆయన అన్నంత తేలిగ్గా కాలేదు. పదకొండు కొట్టగానే చుక్క ఎర్రబడింది, ఫలితం దానంతటదే ఆగిపోయింది. ఎర్రచుక్కని విడుదల చెయ్యాలంటే ‘కారణం’ అనే గడి నింపాలి. అందులో నాలుగే కారణాలు ఉన్నాయి: గైర్హాజరు, మినహాయింపు, నమోదు పొరపాటు, దర్యాప్తులో ఉంది. గీతమ్మ నాలుగూ చదివింది. ఏదో ఒకటి ఎంచుకుని పని కానిచ్చెయ్యమని సర్వర్ చూసే కుర్రాడు ఫోన్లో సలహా ఇచ్చాడు, నమోదు పొరపాటు అని పెట్టెయ్యండి, అందరూ అదే పెడతారు అన్నాడు. పొరపాటు కాదయ్యా అంది ఆమె. అయిదో కారణం చేర్చాలంటే పైవాళ్ళ అనుమతి కావాలన్నాడు. పైవాళ్ళ గదిలోంచే వస్తున్నానంది. అలా ఫోన్లు, మళ్ళీ ఫోన్లు, ఒకసారి స్క్రిప్టు ఆగిపోవడం, దాన్ని తిట్టుకుంటూ మళ్ళీ నడపడం అయ్యాక, మధ్యాహ్నం భోజనాల వేళకి అయిదో కారణానికి చోటు వచ్చింది. అందులో ఏం రాయాలో ఆమె చాలాసేపు ఆలోచించింది. చివరికి ‘మార్కు సరైనదే’ అని రాసింది.

కొత్త కాగితం ప్రింటరులోంచి వేడిగా వచ్చింది. మొత్తం డెబ్బై ఏడు. హెడ్మిస్ట్రెస్ దాన్ని చదివి, మడిచి సంచీలో పెట్టుకుని, బస్సు వేళయిందని లేచింది. అమ్మాయి లేవలేదు.

ఇంకేం కావాలని గీతమ్మ అడిగింది. ఈసారి మెల్లగానే అడిగింది, అయినా అమ్మాయికి అందలేదు. గొంతు దించి మళ్ళీ అడిగింది.

“మిగతా పద్నాలుగు ఏంటండీ?” అంది అమ్మాయి. “టేపులో ఏం చెప్పారో తెలీలేదు. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నా.”

పరీక్ష అయిపోయాక టేపు బయటివాళ్ళకి వినిపించకూడదనో, వినిపించొచ్చనో ఏదో రూలు ఉండే ఉంటుంది. గీతమ్మ వెతకలేదు. లక్షల ఫైళ్ళ మధ్యలోంచి ఆ టేపూ, దాని ప్రశ్నలూ జవాబులూ బయటికి తీసింది. ‘ఫైనల్’ అని టేపులు రెండు ఉన్నాయి. మొదటిది తెరుచుకోలేదు, రెండోది తెరుచుకుంది. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను ఇస్తే మిషనుకి తగిలి కీచుమంది. అమ్మాయి దాన్ని తీసేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, బల్ల మీది స్పీకరు మీద అరచెయ్యి పెట్టింది.

గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకావిడకీ షాపు ఆయనకీ మధ్య మాటలు అవి. షాపు ఆయన మాట్లాడుతున్నంతసేపూ అమ్మాయి తల ఊపుతూ ఉంది. ఆవిడ మాట్లాడినప్పుడల్లా తల ఆగిపోయింది. కాసేపటికి గీతమ్మకి విషయం అర్థమైంది. ఆ పద్నాలుగూ ఆవిడ మాటల్లో ఉన్నాయి. సన్నటి గొంతు, గబగబా మాట్లాడుతుంది. అలాంటి గొంతు ఈ పిల్ల దాకా రాదు. గీతమ్మ టేపు ఆపేసింది. ఆవిడ మాటలు కాగితం మీద రాసి ఇవ్వబోయి, పెన్ను తీసి కూడా ఆగింది. గొంతు వీలైనంత కిందికి దించి, ఆవిడ మాటలు తనే ఒక్కొక్కటీ చెప్పి, దాని మీది ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. మగగొంతుతో ఆడమనిషి గడియారం గొడవ చెప్తుంటే పక్క గదిలోంచి ఎవరో తొంగిచూసి వెళ్ళారు. చూస్తే చూడనీ అనుకుంది.

ఒక్కో మాటకీ అమ్మాయి కాసేపు నేల వంక చూసి, తర్వాత జవాబు చెప్పింది. కొన్నింటికి వెంటనే చెప్పింది. ఒకదానికి గీతమ్మ మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. బస్సు వెళ్ళిపోయిందని హెడ్మిస్ట్రెస్ గుమ్మంలోంచి సైగ చేసింది, తర్వాత ఆవిడే వచ్చి ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

చివరి ప్రశ్న ఆవిడ గడియారం ఎందుకు ఆగిందన్నది. గీతమ్మ చెప్పింది, అమ్మాయి జవాబిచ్చింది. కాదంది గీతమ్మ. సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి, ఇంకా మెల్లగా చెప్పింది. అమ్మాయి ఆ మాటలన్నీ ఒక్కటీ పోకుండా తిరిగి అప్పజెప్పింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ అదే జవాబు చెప్పింది. గీతమ్మ మళ్ళీ కాదని, అసలు జవాబేమిటో చెప్పింది.

అమ్మాయి కాసేపు దాని గురించి ఆలోచించింది. తర్వాత స్పీకరు మీంచి చెయ్యి తీసేసి, హాయిగా, చాలా గట్టిగా నవ్వింది.

“ఇది వినపడినా తప్పే రాసేదాన్నండీ,” అంది.